రుసుము కట్టి తెచ్చుకునే రెండో తిరస్కరణ

బ్రిటన్ హోం శాఖ 2025 ఏప్రిల్ 9 నుంచి సందర్శక వీసా రుసుమును 115 పౌండ్ల నుంచి 127 పౌండ్లకు, విదేశం నుంచి పెట్టుకునే జీవిత భాగస్వామి వీసా రుసుమును 1,846 పౌండ్ల నుంచి 1,938 పౌండ్లకు పెంచింది. తన సేవలకు ఎంత ధర కట్టాలన్నది ఆ దేశం ఇష్టం కావచ్చు గానీ, ఆ ధరను సమర్థించడానికి 2013 నుంచి వాడుతున్న వాదన మాత్రం నిజాయితీ పరీక్షకు నిలవదు. కుటుంబ సభ్యులను చూడటానికి వెళ్లదలచినవారికి వీసా నిరాకరించినప్పుడు అప్పీలు చేసుకునే పూర్తి హక్కును ఆ ఏడాది జూన్ 25న రద్దు చేస్తూ, అప్పీలుకు నెలలు పడుతుందని, మళ్లీ దరఖాస్తు పెట్టుకుంటే వారాలలోనే తక్కువ ఖర్చుతో తేలిపోతుందని అక్కడి ప్రభుత్వం చెప్పింది. న్యాయం అడిగే దారి మూసివేసి, దాన్ని సౌకర్యంగా చిత్రించిన మాట ఇది.

ఈ మాట భారం ఎవరి మీద పడుతున్నదో హైదరాబాద్‌లోని అంబర్‌పేట్, ఉప్పల్, నాచారం కాలనీలలో అడిగితే తెలుస్తుంది. 2024 జనవరి 1 నుంచి బోధన ప్రధానమైన మాస్టర్స్ కోర్సులలో చేరే విద్యార్థులు జీవిత భాగస్వామిని ఆధారితులుగా, అంటే వాడుకలో డిపెండెంట్ వీసా మీద, వెంట తీసుకుపోవడాన్ని బ్రిటన్ నిషేధించింది కనుక, భర్త అక్కడ చదువుతుండగా ఇక్కడ మిగిలిన భార్యకు ఆయనను చూసే మార్గం సాధారణంగా ఒక విడతకు ఆరు నెలలకు మించని సందర్శక వీసా ఒక్కటే. భాగస్వామి బ్రిటన్ పౌరుడో, శాశ్వత నివాస హక్కు పొందినవాడో అయితే జీవిత భాగస్వామి వీసా ఉన్నది గానీ, దానికి 2024 ఏప్రిల్ 11 నుంచి ఏటా 29,000 పౌండ్ల కనీస ఆదాయం చూపాలి. సందర్శకురాలిగా వెళ్లి అక్కడే భాగస్వామి వీసాకు మారడానికి నిబంధనలు ఒప్పుకోవు. తిరిగి వచ్చి మళ్లీ ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ముందుగా చవక అన్న మాటను లెక్క కట్టి చూడవచ్చు. 2025 నాటి 127 పౌండ్లు అంటే 14 వేల రూపాయలకు పైమాటే, నిరాకరించినా వాపసు రావు. ఇప్పటికీ అప్పీలు హక్కు మిగిలిన కేసులలో, విచారణతో కూడిన అప్పీలుకు అక్కడి ట్రైబ్యునల్ చాలాకాలంగా వసూలు చేస్తూ వచ్చింది 140 పౌండ్లు, కాగితాల మీదే తేల్చేదానికి 80 పౌండ్లు. తిరస్కరణ తర్వాత మరో రెండుసార్లు దరఖాస్తు పెట్టుకుంటే ఆ లెక్కన 254 పౌండ్లు అవుతుంది గనుక, చవక అని చూపించినది రెండో పునఃప్రయత్నానికే అప్పీలును మించిపోతుంది. పైగా అప్పీలులో గెలిస్తే ఆ తీర్పు అధికారిని కట్టిపడేస్తుంది, కొత్త దరఖాస్తు ఎవరినీ కట్టిపడేయదు.

రెండో దరఖాస్తు తెల్లకాగితం కూడా కాదు. గతంలో బ్రిటన్‌లో గానీ మరో దేశంలో గానీ వీసా నిరాకరణకు గురయ్యారా అని ఫారం అడుగుతుంది, దాచితే మోసంగా పరిగణించి పదేళ్ల వరకు నిషేధించవచ్చు. ఆ విధంగా మొదటి అధికారి చేసిన పొరపాటు రెండో అధికారి ముందు దరఖాస్తుదారు చరిత్రగా నిలబడుతుంది. తిరస్కరణ లేఖలలో అచ్చయ్యే మూస వాక్యం మరీ విడ్డూరం: భవిష్యత్ దరఖాస్తులను వాటి యోగ్యతను బట్టి పరిశీలిస్తామని, అయితే పరిస్థితులు మారకపోతే నిరాకరించే అవకాశమే ఎక్కువని అది చెబుతుంది. అధికారి కాగితాలు సరిగా చదవకపోవడమే తిరస్కరణకు కారణమైనప్పుడు మారవలసినది ఎవరి పరిస్థితి?

ఉదాహరణకు, చిట్టీ ఎత్తిన డబ్బు ఒక్కసారిగా ఖాతాలో పడటం ఇక్కడి ఇళ్లలో మామూలు సంగతి, కానీ చిట్టీ అంటే ఏమిటో ఎరుగని అధికారికి అది మూలం తెలియని జమ. సందర్శక వీసాకు ముఖాముఖి ఇంటర్వ్యూ సాధారణంగా ఉండదు గనుక, వేలిముద్రలిచ్చి వచ్చిన దరఖాస్తుదారురాలిని ఆ డబ్బు ఎక్కడిదని అడిగేవారు లేరు, అడిగి ఉంటే చిట్టీ పుస్తకం చూపేది. ఇలాంటి లోపాలు ప్రభుత్వానికి తెలియనివీ కావు. అప్పట్లో స్వతంత్ర ప్రధాన తనిఖీ అధికారిగా ఉన్న జాన్ వైన్ వీసా నిర్ణయాలపై 2011లో వెలువరించిన సమీక్ష, అప్పీలు హక్కు పరిమితంగా ఉన్న దరఖాస్తులలో అనుకూల ఆధారాలను సరిగా పరిశీలించకపోవడాన్ని, అవసరమని ముందుగా తెలిసే వీలే లేని పత్రాలు లేవంటూ నిరాకరించడాన్ని ఎత్తిచూపింది. అది చదివి కూడా రెండేళ్లు తిరగకుండా అప్పీలును ఎత్తివేయడాన్ని అమాయకత్వం అనలేం.

ఇక భార్య విషయంలో వీసా నిరాకరించే తర్కం తన తోకను తానే మింగుతుంది. భర్త అక్కడ ఉన్నాడు గనుక తిరిగి రాదేమోనన్న అనుమానంతో సందర్శక వీసా నిరాకరిస్తారు. అంటే ఆమె పెళ్లే ఆమెకు ప్రతికూల సాక్ష్యం. కొన్నాళ్లకు భాగస్వామి వీసాకు పెట్టుకుంటే, ఆ బంధం నిజమైనదని, కొనసాగుతున్నదని నిరూపించమంటారు, అందుకు కలిసి గడిపిన కాలం ఆధారాలలో ముఖ్యమైనది. ఆ కాలాన్ని గడపనీయనిది ఎవరన్న ప్రశ్నకు ఏ ఫారంలోనూ గడి లేదు. అదృష్టం కలిసొచ్చి వీసా మీద వీసా దొరికినా, వరుస సందర్శనలతో అక్కడే నివసిస్తున్నట్లుగా ఉండరాదన్న మరో నిబంధన అడ్డు నిలుస్తుంది. ఈలోగా రిజెక్ట్ అయిన ఫైలును మళ్లీ పెట్టిస్తామనే కన్సల్టెన్సీలకు మాత్రం ఏ తిరస్కరణా నష్టం కాదు.

సందర్శకులుగా వెళ్లి గడువు దాటినా ఉండిపోయేవారు ఉన్నారన్నది, తన సరిహద్దును కాచుకునే హక్కు బ్రిటన్‌కు ఉన్నదన్నది కాదనలేని మాటలే. అయితే నిర్ణయాన్ని మరొకరు సరిచూసినంత మాత్రాన ఆ హక్కు పోదు. విదేశం నుంచి పెట్టుకునే విద్యార్థి, ఉద్యోగ వీసాలను నిరాకరిస్తే 28 రోజులలో 80 పౌండ్లు కట్టి, అదే ఫైలును మరో అధికారి చేత తిరిగి చూపించుకునే పరిపాలనా సమీక్ష అనే ఏర్పాటు హోం శాఖలోనే ఉన్నది. ఫీజులు కట్టే విద్యార్థికి, జీతం మీద పన్ను కట్టే ఉద్యోగికి దక్కిన ఆ వెసులుబాటు, భర్తను చూడబోయే భార్యకు, కొడుకు ఇంటికి వెళ్లే తల్లికి ఎందుకు దక్కకూడదో ఇంతవరకూ సరైన సమాధానం లేదు. 2025 జూలై 24న బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందంపై సంతకం చేసి, కంపెనీల పనిమీద వెళ్లే ఉద్యోగుల రాకపోకల గురించి అంత పట్టుగా మాట్లాడిన భారత ప్రభుత్వం, కుటుంబ సందర్శకులకు పరిపాలనా సమీక్షను వర్తింపజేయాలని, తప్పుడు నిర్ణయమని తేలితే రుసుము వాపసు చేయాలని లండన్‌ను లిఖితపూర్వకంగా అడగాలి.