రైతు కంపెనీకి ఓపికున్న పెట్టుబడి కావాలి

హైదరాబాద్‌లో ఉస్మానియా క్యాంపస్ పక్కనే తార్నాకలో ఉన్న సుస్థిర వ్యవసాయ కేంద్రం అండతో చిన్న రైతులు సంఘాలు కట్టి, ‘సహజ ఆహారం’ పేరుతో పురుగుమందులు లేని పంటను నగరానికి అమ్ముతున్నారు. ఇలాంటి రైతు కంపెనీలకు పొలం ఉంది, శ్రమ ఉంది; లేనిదల్లా పంట చేతికొచ్చిన రోజున సభ్యుల సరుకు కొనడానికి నగదు. అది లేకపోతే రైతు మళ్లీ దళారి గుమ్మమే తొక్కుతాడు. పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల కోసం 2020లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన పథకంలో ఒక్కో సంఘానికి ఈక్విటీ గ్రాంటు గరిష్ఠంగా 15 లక్షల రూపాయలే. ఒక సీజన్ కందులు కొని, నిల్వచేసి, పప్పు పట్టించడానికి అది చాలదు. సమాజానికి మేలు, తమకు రాబడి రెండూ కోరుకునే ఇంపాక్ట్ పెట్టుబడిదారులు రావలసింది ఇక్కడికే. అయితే 2010ని మరవకూడదు. హైదరాబాద్‌లో ఎదిగిన, పేదలకు చిన్న అప్పులిచ్చే ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ ఆగస్టులో షేర్ మార్కెట్‌కెక్కింది. అక్టోబరులో మైక్రోఫైనాన్స్ సంస్థల వసూళ్లను కట్టడి చేస్తూ అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఆ సంస్థల్లా వారం వారం కిస్తీ అడిగే డబ్బు వర్షాధార సేద్యానికి సరిపడదు. పంట కాలానికి తగ్గ గడువు ఇచ్చి, కరువు ఏడాదిలో వాయిదా వేసి, బోర్డులో రైతు మాటకు లోబడే పెట్టుబడినే మన రైతు కంపెనీలు ఒప్పుకోవాలి.