రోగానికి బీదాగొప్పా తెలుసు

‘రోగానికి బీదాగొప్పా తేడా లేదు.’ 2020లో ఈ మాట వినని ఇల్లు లేదు. బాల్కనీలో నిలబడి పళ్లేలు మోగించినవాళ్లు మరీ గట్టిగా అన్నారు. పెద్దవాళ్లు పోలేదా అని ఇప్పటికీ నిలదీస్తారు. పోయారు. కానీ ఎవరింట్లో ఎంతమంది పోయారో లెక్క తీయకుండా సమానత్వం గురించి మాట్లాడటం కుదరదు.

లెక్క కావాలంటే 1918 బొంబాయి చూడండి. ఇన్‌ఫ్లుయెంజాకు యూరోపియన్లు వెయ్యికి 8.3 మంది పోయారు, పార్సీలు 9 మంది. నాటి లెక్కల్లో ‘తక్కువ కులాల హిందువులు’గా రాసుకున్నవాళ్లు 61.6 మంది. ఊరొకటే, జబ్బొకటే. ఒక గదిలో కుటుంబమంతా పడుకునే చాల్‌లోనూ, ఒళ్లు కాలిపోతున్నా పనికి పోక తప్పని బతుకులోనూ ఉంది తేడా. ఆ ఏడు వానలూ మొహం చాటేశాయి, గింజల ధర మండిపోయింది. దేశంలో మగవాళ్లకన్నా ఆడవాళ్లే ఎక్కువ పోయారు. మంచం పట్టినవాళ్లకు గంజి పోసిందీ వాళ్లే, అందరూ తిన్నాక అడుగంటింది తిన్నదీ వాళ్లే. మొత్తం చావులు కోటికి పైమాటే. 1921 జనగణనలో జనాభా పదేళ్ల కిందటికన్నా తగ్గింది. మన జనగణన చరిత్రలో అలా జరిగింది ఆ ఒక్కసారే.

చదువుకున్నవాళ్లు ఇంకో మెట్టెక్కి బ్లాక్ డెత్‌ను చూపిస్తారు. ప్లేగు జనాన్ని ఊడ్చేశాక ఇంగ్లండ్‌లో కూలి పెరిగింది కాబట్టి మహమ్మారి పేదకు మేలే చేసిందంటారు. (ఈ మాట అనేవాళ్లలో కూలికి పోయినవాణ్ని నేనింతవరకు చూడలేదు.) ప్లేగు ఇంకా తిరుగుతుండగానే, మునుపటి కూలికి మించి అడగరాదని 1349లో రాజాజ్ఞ వచ్చింది. 1351లో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. ఎక్కువ అడిగినవాడికి జరిమానా, కాదంటే బొండకొయ్య. అయినా కూలీలు లొంగలేదు, 1381లో ఏకంగా తిరగబడ్డారు. తూర్పు ఐరోపాలోనూ జనం కొరతే, కానీ అక్కడ దొరలు రానురాను రైతును నేలకే కట్టేశారు. పనిచేసే చేతులు తగ్గినంత మాత్రాన కూలి దానంతటది పెరగదు.

2020లో మన దగ్గర జరిగిందీ అదే. వలస కూలీలు ఊళ్లకు నడిచిపోతుండగానే గుజరాత్ ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో 12 గంటల పనికి అనుమతిచ్చింది, అదనపు గంటలకు రావలసిన రెట్టింపు జీతం ఎగ్గొట్టింది. ఆ అక్టోబరు 1న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఉత్తరప్రదేశ్ మంత్రివర్గమైతే కార్మిక చట్టాల్లో చాలావాటిని మూడేళ్లు పక్కనపెట్టే ఆర్డినెన్సుకే సై అంది. 1351కీ దీనికీ తేడా ఏమిటో ఆ పెద్దమనుషులే చెప్పాలి.

లాక్‌డౌన్‌కు ముందు దేశానికి దొరికిన వ్యవధి నాలుగు గంటలు. మిరపకాయలు కొయ్యడానికి తెలంగాణకు వచ్చిన ఒక ఛత్తీస్‌గఢ్ పిల్ల, పన్నెండేళ్లది, బస్సుల్లేక తోటివాళ్లతో కాలినడకన బయల్దేరింది. మూడు రోజులు నడిచి, ఇల్లు చేరకముందే చనిపోయింది. తర్వాత కరోనా పరీక్ష చేశారు. లేదని తేలింది.