మూత తీస్తే చల్లబడుతుందా?

కొత్త కంప్యూటర్ కొన్నామని చెబితే ఎవరైనా ముందు అడిగేది 'స్పీడెంత?' అనే. ఉన్న స్పీడు చాలక ఇంకా పెంచుకోవాలని ఉబలాటపడే కుర్రకారూ ఉంటారు. ప్రాసెసర్‌ని కంపెనీ నిర్ణయించిన దానికంటే ఎక్కువ వేగంతో నడిపించడమే ఓవర్‌క్లాకింగ్. వేగం పెంచితే వేడీ పెరుగుతుంది. ఆ వేడి తగ్గించడానికి కొందరు ఏకంగా ప్రాసెసర్ నెత్తిన ఉండే లోహపు మూతనే ఊడదీస్తారు. దాన్నే డీలిడింగ్ అంటారు. మీ అబ్బాయి బ్లేడు చేతబట్టేలోపు ఆ కథేంటో చూద్దాం.

ప్రాసెసర్‌లో అసలు పనంతా చేసేది లోపలుండే 'డై' అనే చిన్న సిలికాన్ ముక్క. ఇంటెల్ 2012లో తెచ్చిన ఐవీ బ్రిడ్జ్ రకంలో నాలుగు కోర్ల డై వైశాల్యం సుమారు 160 చదరపు మిల్లీమీటర్లే. తపాలా బిళ్ల కన్నా చిన్నది! అంత జాగా నుంచి 77 వాట్ల దాకా వేడి బయటికి పోవాలి.

2000 ప్రాంతంలో పెంటియం-3, అథ్లాన్ ప్రాసెసర్లు చాలావాటికి డై మీద మూత ఉండేది కాదు. కూలర్ బిగించేటప్పుడు కాస్త ఒరిగితే చాలు, డై అంచు చిట్లి ప్రాసెసర్ పనికిరాకుండా పోయేది. అందుకే పెంటియం-4, 2003లో వచ్చిన అథ్లాన్-64లకు నికెల్ పూత పూసిన రాగి మూత పెట్టారు. అదే హీట్ స్ప్రెడర్. డైని కాపాడుతుంది, వేడిని వెడల్పుగా పరుస్తుంది.

మరి చిక్కెక్కడ? డైకీ మూతకీ మధ్య ఉండే పదార్థంలో. 2011 నాటి శాండీ బ్రిడ్జ్‌లో ఆ రెండింటినీ టంకంతో అతికించారు. టంకం లోహం కాబట్టి వేడి చకచకా దాటిపోతుంది. ఐవీ బ్రిడ్జ్‌కి వచ్చేసరికి టంకం బదులు పేస్టు వాడారు. పైగా మూత అంచుల జిగురు మందం వల్ల లోపల పేస్టు పొరా దళసరి అయింది. మూత తీసి, పాత పేస్టు తుడిచి, ద్రవలోహం రాసి మళ్లీ మూసినవాళ్లకు 10 నుంచి 20 డిగ్రీల దాకా తగ్గిన సందర్భాలున్నాయి.

ఆ ద్రవలోహంతోనే అసలు ప్రమాదం. గాలియం, ఇండియం, తగరం కలిసిన మిశ్రమమది. విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. చుక్క పక్కకు జారితే షార్ట్ సర్క్యూటే. అల్యూమినియానికి తగిలితే దాన్ని తినేస్తుంది. సోనీ 2020లో ప్లేస్టేషన్-5లో దీన్నే వాడింది గానీ, బయటికి కారకుండా ఫ్యాక్టరీలోనే కట్టుదిట్టం చేసింది. ఇంట్లో బ్లేడుతో మూత తీస్తే డై పక్కన గీత పడొచ్చు. వారంటీ ఎలాగూ పోతుంది.

ఇంకో సంగతి. ఇంటెల్ 2018లో కోర్ ఐ9-9900కె లాంటి వాటితో మళ్లీ టంకానికే మళ్లింది. ఏఎమ్‌డీ రైజెన్‌లలోనూ ఎక్కువ వాటికి టంకమే. వీటి మూత బ్లేడుతో లాగితే డై కూడా ఊడి రావొచ్చు. ఇంత శ్రమపడినా దక్కే లాభం పేస్టు రకాలతో పోలిస్తే తక్కువే. లాప్‌టాప్‌లలోనైతే డై మీద సాధారణంగా మూతే ఉండదు.

పిల్లల చదువులకీ, సినిమాలకీ, ఆఫీసు పనికీ ఇదంతా అక్కర్లేదు. వేడి మరీ ఎక్కువైతే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మీ కంప్యూటర్ నెమ్మదించి, ఫ్యాను హోరెత్తుతుంటే ముందు చూడాల్సింది దుమ్ము. ప్లగ్గు తీసేసి, ఫ్యాను రెక్కలు తిరగకుండా పట్టుకుని మెత్తటి బ్రష్షుతో దులపండి. క్యాబినెట్‌ని గోడకు ఆనించకండి. అప్పటికీ తగ్గకపోతే కూలర్ తీయించి, మూత పైన ఎండిపోయిన పేస్టు తుడిపించి, బఠాణీ గింజంత కొత్తది పెట్టించండి. చాలావరకు అక్కడితో సరిపోతుంది.

అది వదిలేసి మూత పెకలించడమంటే, ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే!