తాళంచెవి యంత్రం దగ్గరే ఉండాలి



షోలాపూర్ రంగుల ఖాతాల్లో పనిచేసే మనవాళ్లకు ఈ మధ్య ఒక కొత్త చిక్కు వచ్చింది. కాస్టిక్ లైను మీద, సింజింగ్ యంత్రం గ్యాసు లైను మీద చిన్న పెట్టె ఒకటి బిగిస్తున్నారు. అది ప్రవాహాన్ని కొలుస్తుంది, చెప్పిన లెక్కకు సరిపడా వాల్వును తానే తెరుస్తుంది, మూస్తుంది. ఇంతవరకు మంచిదే. కాస్టిక్ పడి కాలిన చేతులు మనలో చాలామందికి ఉన్నాయి. చేత్తో వాల్వు తిప్పిన ఆ రోజులు మళ్లీ రావాలని మనమెవరమూ కోరడం లేదు.

చిక్కు పెట్టెలో లేదు, దాని వెనక తీగలో ఉంది. ఆ తీగ ఆఫీసు కంప్యూటర్ దాకా, అక్కడి నుంచి ఇంటర్నెట్ మీద పుణె, ముంబయి దాకా పోతుంది. అక్కడ కూర్చున్న ఇంజనీరు నాలుగు అక్షరాలు టైపు చేస్తే ఇక్కడ మన ముందు లెక్క మారిపోతుంది.

ఆ అక్షరాలేమిటో మనవాళ్లు తెలుసుకోవాలి. అదేమీ బ్రహ్మవిద్య కాదు. ఒకే తీగ మీద పెట్టెలు చాలా ఉంటాయి కనుక ప్రతిదానికీ ఇంటి నంబరు లాంటి గుర్తు ఉంటుంది. కొన్ని రకాల్లో 'ఏ' నుంచి 'జెడ్' దాకా ఒక్కో అక్షరం. 'ఏ' అని పంపితే ఆ పెట్టె తన ఒత్తిడి, వేడి, ప్రవాహం ఎంతో చెబుతుంది. 'ఏఎస్ 15' అని పంపితే ఇకపై 15 లెక్కన వదులుతుంది. 15 అంటే నిమిషానికి లీటర్లా, గంటకు కిలోలా అన్నది ఆ మాటలో ఉండదు. పెట్టెలో ముందే పెట్టిన కొలతే ఖాయం. వేలు జారి 'ఏ'కి బదులు 'బి' పడితే పక్క లైను మారుతుంది. ఆ లైను దగ్గర మనిషి ఉన్నాడా లేడా అన్నది పెట్టెకు తెలియదు.

ఇంకొకటి. కొన్ని పెట్టెలు చివరి లెక్కను గుర్తు పెట్టుకుంటాయి. కరెంటు పోయి వస్తే ఎవరూ చెప్పకుండానే అదే లెక్కన వదలడం మొదలుపెడతాయి. కరెంటు పోయినప్పుడే కదా మనం ఫిల్టర్ కడగడానికి, పైపు విప్పడానికి దిగేది!

ఈ మాటలు మోసే పద్ధతుల్లో మాడ్‌బస్ ఒకటి. 1979లో ఫ్యాక్టరీ గోడల లోపలి తీగల కోసం చేసినది. చెప్పేవాడు ఎవడని అడిగే ఏర్పాటు దానిలో పెట్టలేదు. టెల్‌నెట్ పాస్‌వర్డు అడుగుతుంది గాని, ఆ పాస్‌వర్డు తీగ మీద దాపరికం లేకుండా పోతుంది.

మన ఊళ్లోనే ఒక ప్రాసెస్ హౌస్‌లో రాత్రి షిఫ్టులో నూలు లాటు షేడు తప్పింది. తెల్లారేసరికి యంత్రం దగ్గర ఉన్న కార్మికుడికి షోకాజ్ నోటీసు. కంప్యూటర్ పద్దు తీయించి చూస్తే ఆ రాత్రి కాస్టిక్ లెక్క రెండుసార్లు మారింది. మార్చినవారి పేరు 'అడ్మిన్' అని ఉంది. ఎవరీ అడ్మిన్? ఆఫీసులో నలుగురు, పెట్టె అమ్మిన కంపెనీ మనుషులు ఇద్దరు. ఆరుగురికీ ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డు. నోటీసు అందుకోవడానికి మాత్రం మనవాడొక్కడే.

అమెరికాలోనూ ఇలాంటిదే జరిగింది. ఫ్లోరిడా రాష్ట్రంలో ఓల్డ్‌స్మార్ అనే చిన్న ఊరి నీటి శుద్ధి కేంద్రంలో 2021 ఫిబ్రవరి 5న తెర మీద కాస్టిక్ సోడా లెక్క పది లక్షల పాళ్లకు 100 నుంచి 11,100కు ఎక్కింది. డ్యూటీలో ఉన్న ఆపరేటరు చూసి వెంటనే దించేశాడు. అక్కడా దూరం నుంచి లోపలికి రావడానికి అందరికీ ఒకే పాస్‌వర్డు. మొదట బయటి దొంగ పని అన్నారు. అప్పట్లో ఊరి పాలన చూసిన అధికారే 2023లో అది లోపలివారి పొరపాటని చెప్పాడు. దొంగో, దొరో, ఆ రోజు పనికొచ్చింది తెర ముందున్న మనిషి. పెట్టెలు వచ్చాయి కనుక మూడు లైన్లకు ఒక్క మనిషి చాలంటున్న మన యాజమాన్యాలు ఈ సంగతి చదవాలి.

భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, భద్రత గురించి సమాచారం అడిగే హక్కు కార్మికుడికి ఇచ్చారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త భద్రతా కోడ్‌లోనూ అది ఉంది. (ఆ కోడ్‌తో మనకున్న తగాదా వేరే, అది మరోసారి రాస్తాం.) కనుక ఏ పెట్టెకు ఏ అక్షరం, ఏ కొలత, ఎంత హద్దు అన్నది తెలుగులో, మరాఠీలో రాసి ఖాతా గోడకు అంటించమని అడగడం మన హక్కు.

యాజమాన్యాలకు మేము రాసి ఇచ్చినది ఇది. యంత్రం పక్కన 'ఇక్కడ-దూరం' అనే స్విచ్ ఉండాలి, దాని తాళంచెవి షిఫ్టు కార్మికుడి చేతిలో ఉండాలి. అతడు 'దూరం' వైపు తిప్పితే తప్ప బయటి మాట వాల్వుకు చేరకూడదు. టైపు చేసే ప్రతివాడికీ సొంత పేరు, సొంత పాస్‌వర్డు ఉండాలి. పద్దు చూడకుండా నోటీసు ఇవ్వకూడదు. కరెంటు తిరిగి వస్తే పెట్టె సున్నా దగ్గరే ఆగాలి.

జవాబు ఇంకా రాలేదు. ఈలోగా ఒక సంగతి మరవకండి. కంప్యూటర్‌లో సున్నా కొట్టినంత మాత్రాన లైను మూసినట్టు కాదు. ఆ పెట్టెలోని వాల్వు ప్రవాహాన్ని సర్దడానికే గాని గట్టిగా బిగించడానికి కాదు, అది కారవచ్చు. పైపు విప్పే ముందు చేతి వాల్వు మూయండి, మీ సొంత తాళం వేయండి, చెవి జేబులో పెట్టుకోండి. మేస్త్రీ అడిగినా పని అయ్యేదాకా ఇవ్వకండి.