పాట వింటూ పని చేద్దాం, చెవులు మూసుకుని కాదు

పోయిన సెమిస్టర్ మెషిన్ షాప్ ల్యాబ్‌లో నేనొక తప్పు చేశాను. లేత్ మీద స్టెప్ టర్నింగ్ చేస్తున్నా. మా క్లాసులో ఉన్న నలుగురు అమ్మాయిలం జుట్టు లోపలికి దోపి టోపీ పెట్టుకోవాలి. ఆ టోపీ కింద ఒక చెవిలో ఇయర్‌బడ్ దాచాను. మూడు గంటల ల్యాబ్, పాట లేకపోతే గడవదనుకున్నా.

కాసేపటికి టూల్ వణుకుతూ కీచుమని అరవడం మొదలైంది. పక్క లేత్ దగ్గరున్న నా ఫ్రెండ్‌కి వినబడింది, అటు చివర నిలబడ్డ ఇన్‌స్ట్రక్టర్ సార్‌కి వినబడింది, నాకు మాత్రం వినబడలేదు. ఫ్రెండ్ పరిగెత్తుకొచ్చి స్విచ్ ఆపేలోపు టూల్ కొన విరిగింది. ఆ ముక్క ఎటు ఎగిరిందో ఇప్పటికీ తెలీదు. నా కంట్లోనో, తన కంట్లోనో పడకపోవడం మా అదృష్టం.

"అంత సౌండ్ మారితే వినబడలేదామ్మా?" అన్నారు సార్. ఆయనకు ఇయర్‌బడ్ సంగతి తెలీదు. నేనూ చెప్పలేదు. ఇదిగో, ఇప్పుడు ఇక్కడ ఒప్పుకుంటున్నా.

"అయితే ఇయర్‌ఫోన్స్ బ్యాన్ చెయ్యమంటావా?" అని అప్పుడే అడక్కండి. పాట లేకుండా నేను రూమ్‌లో బట్టలు కూడా మడతపెట్టలేను. నేను చెప్పేది ఒక్కటే. పనిలో పాట మంచిదే. కానీ చేసే పనినీ, పక్కనున్న మనిషినీ వినబడకుండా చేసే పాట చెవికి పెట్టిన బిరడాతో సమానం. ఈ మాట నాకు ల్యాబ్‌లో కాదు, ఇంటి దగ్గర తెలిసుండాల్సింది. ఎందుకంటే మా ఇంట్లో ఈ రెండు రకాల పనులూ ఉన్నాయి.

మాది సిరిసిల్ల. మా బాపమ్మ బీడీలు చేసేది. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. ఆకులో తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. వెయ్యి బీడీలయ్యేదాకా లేచేది లేదు. కళ్ళు మూసుకుని కూడా చెయ్యగలిగేంత అలవాటైన పని. చేతులకే పని, చెవులు ఖాళీ. అందుకే గూట్లో రేడియో ఎప్పుడూ మోగుతుండేది. మా ఇంట్లో రేడియో ఉందని పక్కిళ్ళ వాళ్ళు కూడా చాటలు పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేవాళ్ళట. నా చిన్నప్పుడు ఆ అరుగు మీద ఇద్దరు ముగ్గురు మిగిలారు, వాళ్ళను నేనూ చూశాను.

జనరంజనిలో పాట కంటే ముందు, ఆ పాట కోరిన వాళ్ళ పేర్లూ ఊర్లూ చదివేవాళ్ళు. తెలిసిన ఊరి పేరు వస్తే అరుగంతా "అగో, మనోళ్ళే" అనేదట. పాటయ్యాక వార్తలొచ్చినా ఎవరూ రేడియో కట్టేసేవాళ్ళు కాదు. "చేతులకు తంబాకు ఉండె, ఎవరు లేస్తరు?" అని నవ్వేది బాపమ్మ. అలా బడికి పోని వాళ్ళకు కూడా ఢిల్లీలో ఏం జరుగుతోందో తెలిసేది.

బీడీ పనికీ వినడానికీ ఉన్న ఈ బంధం సిరిసిల్లకే పరిమితం కాదు. క్యూబాలో 1865 నుంచే చుట్టల ఫ్యాక్టరీల్లో ఒక మనిషి ఎత్తైన పీట మీద కూర్చుని, పని చేసేవాళ్ళకు గట్టిగా పత్రికలూ నవలలూ చదివి వినిపించేవాడు. అతని జీతం యజమాని ఇచ్చేది కాదు, కార్మికులే చందాలేసుకుని ఇచ్చేవాళ్ళు. ఏ నవల చదవాలో కూడా వాళ్ళే తేల్చుకునేవాళ్ళు. మాంటెక్రిస్టో అనే చుట్టల బ్రాండ్ పేరు అలా చదివిన డ్యూమా నవల నుంచే వచ్చింది. మన దగ్గర కేరళలో, కన్నూర్ బీడీ కార్మికుల్లో కూడా పత్రిక చదివి వినిపించే అలవాటుండేది.

క్యూబా నుంచి వలస వెళ్ళినవాళ్ళతో ఈ పద్ధతి అమెరికాలోని టాంపా నగరానికి చేరింది. 1931లో అక్కడి యజమానులు, కార్మికుల బుర్రల్లోకి విప్లవ భావాలు ఎక్కిస్తున్నారని చదివేవాళ్ళను తీసేశారు. కార్మికులు సమ్మె చేశారు, కానీ గెలవలేదు. చదివే మనిషి స్థానంలోకి వచ్చింది ఏమిటో తెలుసా? రేడియో! మా బాపమ్మకు లోకాన్ని చూపించిన రేడియోనే అక్కడ నోరు మూయించడానికి పనికొచ్చింది.

బ్రిటన్‌లో ఇంకో కథ. రెండో ప్రపంచ యుద్ధం సమయంలో, 1940 జూన్‌లో, బీబీసీ ఫ్యాక్టరీల కోసం 'మ్యూజిక్ వైల్ యూ వర్క్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఉదయం అరగంట, మధ్యాహ్నం అరగంట హుషారైన సంగీతం. ఉత్పత్తి పెరగాలన్నది దాని ఉద్దేశం. మధ్యలో చప్పట్లు కొట్టే ఒక అమెరికన్ పాటను మాత్రం అందులో వెయ్యకూడదన్నారు. కార్మికులు పని ఆపి చప్పట్లు కొడతారనీ, స్పానర్లతో మిషన్ల మీద వాయిస్తారనీ వాళ్ళ భయం. పాట వినొచ్చు, కానీ మరీ అంతగా ఆనందించకూడదన్నమాట.

అంటే పనిలో పాట గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న "బాగుందా లేదా" అని కాదు. ఎవరు ఎంచుకున్నారు, ఎవరెవరికి వినబడుతోంది అని. మా అరుగు మీది రేడియో అందరిదీ. నచ్చని పాట వచ్చినా భరించేవాళ్ళు, దాని మీద పోట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడు మన ప్రాజెక్ట్ రూమ్‌లో ఆరుగురం కూర్చుంటే ఆరు జతల ఇయర్‌ఫోన్స్. ఆరు ప్లేలిస్టులు, అవి కూడా సగం యాప్ ఎంచినవే. సర్క్యూట్‌లో డౌట్ వస్తే పక్కనున్న వాడికి వాట్సాప్‌లో మెసేజ్ పెడుతున్నాం. నవ్వకండి, మీరూ పెట్టారు.

ఇక మా బాపు సంగతి. ఆయన సాంచాలు నడుపుతాడు. బయటివాళ్ళు మరమగ్గాలంటారు, మాకు సాంచాలే. ఒక్క మనిషి నాలుగైదు సాంచాలు చూసుకోవాలి, పన్నెండు గంటల షిఫ్టు. అక్కడ రేడియో పెట్టినా వినబడదు. ఒకసారి నా ఫోన్‌లో యాప్ పెట్టి కొలిస్తే 95 డెసిబెల్స్ దాటింది. ఫోన్ మైక్ కొలత పక్కాగా ఉండదని నాకూ తెలుసు. కానీ ఆ షెడ్డులో ఐదు నిమిషాలు నిలబడితే ఏ మీటరూ అక్కర్లేదు. మన ఫ్యాక్టరీల నిబంధనల్లో 8 గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దు. మా గల్లీలో ఇంటి వెనక రేకుల షెడ్డుకొచ్చి కొలిచిన వాళ్ళెవరినీ నేను చూడలేదు.

బాపు పని మొత్తం చెవి మీదే. పోగు తెగినా, నాడె సరిగ్గా పోకపోయినా అంత రొదలోనూ ఆయనకు తేడా తెలుస్తుంది. వెనక్కి తిరక్కుండానే "మూడోది ఆపు" అంటాడు. ఇరవై ఏళ్ళు ఆ చెవులతోనే బతికాడు. ఇప్పుడు ఆ చెవులే పోతున్నాయి. ఫోన్ చేస్తే "ఏంది బిడ్డా, వినబడ్తలేదు, గట్టిగ మాట్లాడు" అంటాడు. హాస్టల్ కారిడార్‌లో నేను అరిచి మాట్లాడుతుంటే "ఎవరితో గొడవ?" అని అడుగుతారు. గొడవేం లేదు, ఫీజు కట్టిన సంగతి చెప్తున్నా, అంతే.

దసరా సెలవుల్లో ఆయన్ను చెవుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. రొద వల్ల పోయిన వినికిడి తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలన్నారు. ఆ మాట వింటున్నప్పుడు నా జేబులో ఇయర్‌బడ్స్ ఉన్నాయి.

మనం ఇంజనీరింగ్ పిల్లలం కాబట్టి లెక్క చేద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ప్రకారం పెద్దవాళ్ళు 80 డెసిబెల్స్‌తో వారానికి 40 గంటలు వినొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ శబ్దశక్తి రెట్టింపు, కాబట్టి సమయం సగం. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, 89 దగ్గర 5 గంటలే. అది కూడా రోజుకు కాదు, వారానికి. ఎగ్జామ్ వారంలో మెస్ రొద వినబడకూడదని మనం వాల్యూమ్ ఎంత పెంచుతామో, ఎన్ని గంటలు వింటామో ఎవరికి వాళ్ళు లెక్కేసుకోండి. బాపు కూలి కోసం చెవులు పోగొట్టుకున్నాడు. మనకు ఆ అవసరం కూడా లేదు.

"కానీ పాట వింటేనే నాకు చదువు ఎక్కుతుంది" అనే ఫ్రెండ్ మీకూ ఉంటారు. నా రూమ్‌మేట్ కొరియన్ పాటలు వింటూ చదువుతుంది. అర్థం కాని భాష కాబట్టి అడ్డు రాదని తన వాదన. కోల్, వెల్ష్ అనే పరిశోధకులు 1976లోనే దీన్ని పరీక్షించారు. అక్షరాలు గుర్తుపెట్టుకునే వాళ్ళకు వెనక నుంచి తెలియని జర్మన్ భాషలో మాటలు వినిపించారు. అర్థం కాకపోయినా జ్ఞాపకం దెబ్బతింది. 1989లో సలామె, బ్యాడ్లీ చేసిన ప్రయోగాల్లో గొంతు ఉన్న పాట ఎక్కువ అడ్డు, వాయిద్యాల సంగీతం తక్కువ అడ్డు అని తేలింది. అంటే డ్రాయింగ్ షీట్‌కి బోర్డర్ గీసేటప్పుడు, రికార్డ్‌లో పాత రీడింగ్స్ ఎక్కించేటప్పుడు పాట పెట్టుకోండి. అది బీడీ చుట్టడం లాంటి పని. కొత్త థియరమ్ మొదటిసారి చదివేటప్పుడు ఆపండి. మిషన్ ముందు నిలబడినప్పుడు మాత్రం అసలు వద్దు. అది సాంచె పని, చెవితో చేసే పని.

నాదొక ప్రతిపాదన కూడా ఉంది. మన క్లబ్ రూమ్‌లో, ప్రాజెక్ట్ రూమ్‌లో ఒక చిన్న స్పీకర్ పెడదాం. మెల్లగా, మాట వినబడేంత వాల్యూమ్‌లో. రోజుకొకరు పాటలు ఎంచాలి. మిగతావాళ్ళు భరించాలి, కావాలంటే పోట్లాడుకోవచ్చు. వారంలో ఒకరోజు పాటకు బదులు ఎవరైనా ఒక తెలుగు కథ చదవాలి. సోల్డరింగ్ చేస్తూ కథ వినొచ్చు, చేతులకే కదా పని.

బాపుకు చెవుల మీద పెట్టుకునే మఫ్ కొన్నాను. రెండు రోజులు పెట్టుకుని మూడో రోజు తీసేశాడు. "ఇది పెట్టుకుంటే సాంచె ఎట్ల వినాలె బిడ్డా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ల్యాబ్‌లో విరిగిన టూల్ గురించి మాత్రం మొదటిసారి ఆయనకు చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మిషన్ కాడ నువ్వు పాటలు పెట్టుకోకు, నేను ఆ డిప్పలు మళ్ళ పెట్టి చూస్త" అన్నాడు.

ఒప్పందం నడుస్తోంది. నేను ల్యాబ్‌కు ఇయర్‌బడ్స్ తీసుకెళ్ళడం మానేశాను. ఆయన పెట్టుకుంటున్నాడో లేదో రోజూ రాత్రి ఫోన్ చేసి అడుగుతున్నా. గట్టిగానే అడుగుతున్నా, కారిడార్‌లో ఎవరైనా గొడవనుకున్నా సరే.