చేతులారా చేద్దాం: గుహ పండుగ

పిల్లలూ!

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో బేతంచెర్ల నుంచి ఒక చెల్లాయి రాసిన కార్డు ఉన్నది. వాళ్ళ తమ్ముడికి త్వరలో అయిదేళ్ళు నిండుతాయట. పక్క వీధిలో ఒక పిల్లవాడి పుట్టినరోజుకు పెద్ద కేకు కోశారట, గదినిండా బెలూన్లు కట్టారట. అది చూసి వచ్చింది మొదలు తనకూ అట్లాగే కావాలని తమ్ముడు మారాం చేస్తున్నాడు. వాళ్ళ నాయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో కూలి. అమ్మ "చూద్దాంలే నాయనా" అంటుంది గాని, ఆ మాట అనేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుంటుందట. అమ్మను డబ్బు అడగకుండా తాను ఏం చెయ్యగలదని చెల్లాయి ప్రశ్న.

చెల్లాయీ! కేకు అన్ని ఊళ్ళలోనూ దొరుకుతుంది. మీ ఊరికి ఉన్నది అన్ని ఊళ్ళకూ లేదు. మీ ఇంటి నేల చూడు. అది సున్నపురాయి. బేతంచెర్ల బండలను ఎక్కడెక్కడి ఇళ్ళకో తీసుకుపోయి పరుస్తారు. అట్లాంటి సున్నపురాతిలోనే, మీ ఊరి దగ్గర, బిల్లసర్గం గుహలు ఉన్నాయి. వాటినే బిల్వస్వర్గం అని కూడా అంటారు.

వాన నీరు గాలిలోనూ, మట్టిలోనూ ఉండే బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కాస్త పులుపెక్కుతుంది. ఆ నీరు సున్నపురాతి నెర్రెలలో దిగి, వేలాది సంవత్సరాలు కొంచెం కొంచెంగా రాతిని కరిగిస్తుంది. అట్లా గుహ ఏర్పడుతుంది.

1844లో న్యూబోల్డ్ అనే సైనికాధికారి ఈ గుహల్లో పాతకాలపు ఎముకలున్న సంగతి రాశాడు. 1884, 85లలో భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వకాలు జరిపారు. ఆ ఎముకలను పరిశీలించి 1886లో లిడెక్కర్ అనే శాస్త్రజ్ఞుడు వివరాలు ప్రకటించాడు. వాటిలో ఒక ఖడ్గమృగం కూడా ఉన్నది! దానికి ఆయన కర్నూలు పేరు కలిపి "రైనోసెరస్ కర్నూలియెన్సిస్" అని పేరు పెట్టాడు. ఇప్పుడు మీ ఊరు 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉన్నదనుకో. ఆ ఖడ్గమృగం మాత్రం కర్నూలుదే!

కనుక మీ తమ్ముడికి గుహ పండుగ చేద్దాం. తక్కిన పిల్లలు కూడా ఎవరి ఊళ్ళో వారు చేసుకోవచ్చు.

వారం ముందు: రెండు గాజు గ్లాసుల్లో వేడినీళ్ళు పెద్దవాళ్ళ చేత పోయించు. బట్టల సోడా ఇక కరగనంత వరకు వేసి కలుపు. ఉన్నిదారం ఒకటి తడిపి, దాని రెండు కొసలకూ చిన్న రాళ్ళు కట్టి, రెండు గ్లాసుల్లో ముంచు. గ్లాసుల మధ్య జానెడు దూరం ఉండాలి, దారం మధ్యలో కొద్దిగా కిందికి వేలాడాలి. దాని కింద పళ్ళెం పెట్టు. సోడానీళ్ళు దారం వెంట వచ్చి మధ్యలో చుక్కలు చుక్కలుగా పడతాయి. నీరు ఆరిపోయి సోడా మిగిలి, కొద్ది రోజులలో తెల్లని ఊడ తయారవుతుంది. కొలిమిగుండ్ల దగ్గర 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహల్లో కనిపించే రాతి ఊడలు కూడా చుక్క చుక్కగా పెరిగినవే. అయితే అక్కడ నీటిలోని వాయువు వెళ్ళిపోవడం వల్ల సున్నం మిగులుతుంది. సోడానీళ్ళు నోట్లో పెట్టుకోకండి, చేతులు కడుక్కోండి.

మూడు రోజుల ముందు: బంకమన్నుతో కొమ్ము, కోర, పక్కటెముక, వెన్నుపూస చేసి నీడలో ఆరబెట్టు. ఒక గంపలో అడుగున ఎర్రమట్టి, పైన ఇసుక పోసి, రెండు పొరల్లోనూ వాటిని దాచిపెట్టు.

పండుగనాడు: రెండు నులకమంచాలు పక్కపక్కన వేసి పైన కంబళి కప్పితే గుహ సిద్ధం. గాలి ఆడటానికి రెండు వైపులా తెరిచి ఉంచు. లోపల దీపం పెట్టవద్దు, టార్చిలైటు చాలు. సోడా ఊడను ద్వారం దగ్గర పెట్టు.

పిల్లలు ఒక్కొక్కరే పాకుతూ లోపలికి పోయి, పాత చెంచాతోనూ, చీపురు పుల్లల కట్టతోనూ గంపలో వెతకాలి. ఎముక కనిపించగానే లాగకూడదు! ఏ పొరలో ఉన్నదో పలక మీద గుర్తు వేసుకొని, అప్పుడు తియ్యాలి. అడుగు పొర ముందు ఏర్పడింది, పై పొర తరువాత ఏర్పడింది. పొర తెలియకపోతే ఎముక కథ సగం పోయినట్టే.

తరువాత రాతి పరీక్ష. పారవేసిన బండముక్కను నాయన చేత తెప్పించి, పదును అంచులు అరగదీయించు. తడిపి మేకుతో గీరి, గీరిన చోట నిమ్మరసం చుక్క వెయ్యి. సన్నని బుడగలు వస్తాయి. అది ఇందాక చెప్పిన బొగ్గుపులుసు వాయువే! నల్లరాతి మీద ఈ బుడగలు రావు. ఇంటి నేల మీద మాత్రం చెయ్యవద్దు, మెరుపు పోతుంది. పొడి రాతి ధూళిని ఎన్నడూ ఊదకూడదు. అది ఊపిరితిత్తులకు చేటు.

చిన్నవాళ్ళు ఈలోగా సుద్దముక్కతో గీసుకొని తొక్కుడుబిల్ల ఆడుకుంటారు.

వచ్చేవాళ్ళు కానుకలు తేకూడదు. తమ వీధిలో దొరికిన ఒక మంచి రాయి తేవాలి. అన్నీ వరసగా పేర్చి, అంకెలు వేస్తే అదే మీ మ్యూజియం. అప్పుడు ఏమీ కొనలేకపోయామని ఏ బిడ్డా గడప బయట నిలబడిపోడు.

ఇక తిండి. బొరుగులు, వేయించిన బుడ్డలు, బెల్లంపాకం కలిపి గుహగుండ్లు కట్టండి. అయిదు గుండ్లు ఒకదానిపై ఒకటి పేరిస్తే అయిదేళ్ళకు గుర్తు. చెల్లాయీ, పాకం పని వేడి పని, అది అమ్మదే. కనుక ఆమెకు చెప్పకుండా చేద్దామనుకోకు. "డబ్బు వద్దమ్మా, పాకం పట్టి ఇయ్యి" అని అడుగు. ఆమె ఈసారి మొహం తిప్పుకోదు.

తమ్ముడు మధ్యలో "బెలూన్ ఏదీ?" అని అడగవచ్చు. అయిదేళ్ళవాడు గదా, అడుగుతాడు. కోప్పడకు. మొదటి ఎముక తీసే హక్కు వాడిదేనని ముందే అందరికీ చెప్పు.

ఒక మాట అందరికీ. రాయి కోసం క్వారీ గుంతల దగ్గరకు పోకండి, నీళ్ళు నిలిచిన గుంతల లోతు పైకి తెలియదు. పెద్దవాళ్ళు లేకుండా గుహల్లోకి వెళ్ళకండి. నిజం ఎముక కనిపిస్తే కదిలించక, మీ మాస్టారికి చెప్పండి.

చెల్లాయీ, పండుగ ఎట్లా జరిగిందో నాకు రాస్తావు గదా? గంపలో మొదట తమ్ముడికి ఏం దొరికిందో అది కూడా రాయి!