రంగు పూసిన తుప్పు పోవునా?

వానలు వెలిసినతోడనే పాత జీపులకు రంగు పూయించుట మన రైతులలో పలువురకు వాడుక. తుప్పు కంటబడకుండుటయు, తుప్పు పోవుటయు నొకటి కాదని మా యభిప్రాయము.

ఇనుమునకు నీరును, గాలిలోని ప్రాణవాయువును సోకినచోట తుప్పు పుట్టును. అది యినుముకంటె హెచ్చు చోటాక్రమించుటచే పైరంగును పొక్కించి లేవదీయును. బండిలో చిందిన యెరువును, సముద్రతీరపు ఉప్పుగాలియు దానిని త్వరపెట్టును. కావున ముందుగా నీటిదారిని కనిపెట్టవలెను.

తడి కనబడినచోటనే నీరు ప్రవేశించినదని నమ్మరాదు. ముందరి యద్దము చుట్టునున్న రబ్బరు చీలినచో, నీరు లోలోపల జారి కాళ్లక్రింది పట్టా యడుగున నిలుచును. పట్టా తీసి, లోపలి భాగము నారబెట్టి, ఒకరు టార్చిదీపముతో లోపల కూర్చుండగా, వేఱొకరు గొట్టముతో క్రిందినుండి పైకి కొంచెము కొంచెముగా నీరు పట్టవలెను. మొదట చెమ్మగిల్లిన తావున నీటిదారి దొరకును. తలుపుల యడుగునగల రంధ్రములు అద్దపు సందున దిగిన నీరు వెలికి పోవుటకే యున్నవి. మట్టి పూడినచో పుల్లతో తెరువవలెను గాని మూయరాదు.

పిమ్మట తళతళలాడు ఇనుము కనబడువఱకు గీకి, రెడ్ ఆక్సైడు పూసి, అది యారిన పిదప రంగు వేయవలెను. సుత్తితో తట్టినపుడు చాసీ లొత్తుపడినచో రంగు పనికిరాదు. బండిలోని ప్రాణములు దానిపై నాధారపడియున్నవి. వెల్డింగు నెఱిగిన పనివానికి చూపక బండి కదలింపరాదు.

గట్టున గండి పూడ్చక చేనిలోని నీరు తోడు రైతుండునా? బండికిని అదియే న్యాయము.